హారన్‌ను హారన్‌గానే వినండి

జూన్ 3, మంగళవారం

ఈ రోజు నుంచి మా కౌన్సిలింగ్ సెంటర్‌లో నోట్స్ రాయడం నిషేధం. పధ్నాలుగేళ్ళుగా క్లయింటు ఎదురుగా కూర్చుని రాసుకుంటున్నదాన్ని. చెయ్యి ఊరుకోదు కాబట్టి ఇక్కడ రాస్తాను. ఇది నేను తప్ప ఎవరూ చదవరు.

జరిగింది ఇది. డైరెక్టరుగారు ఒక శిక్షకుణ్ణి తీసుకొచ్చారు. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, చేతిలో చిన్న ఇత్తడి గంట. మైండ్‌ఫుల్‌నెస్ నేర్పుతాడట. క్లయింట్లకు కాదు, కౌన్సిలర్లకు.

"మీ మనసు నిశ్చలంగా ఉంటే మీ క్లయింటు మనసు దానంతటదే కుదురుకుంటుంది" అన్నాడు.

"అయితే క్లయింటు ఇంత దూరం రావడం దేనికండీ? మేం ఎవరింట్లో వాళ్ళం కూర్చుంటే సరిపోతుందిగా" అని తొమ్మిదిమందిలో ఎవరో అన్నారు. ఎవరో కాదు, నేనే. డైరెక్టరుగారు నా వైపు చూసిన చూపు నిశ్చలంగా లేదు.

గంట కొట్టాడు. కళ్ళు మూసుకుని ఊపిరి గమనించాలి. ఆలోచన వస్తే దానికి 'ఆలోచన' అని పేరు పెట్టి వదిలేయాలి. చప్పుడు వినిపిస్తే 'చప్పుడు' అని పేరు పెట్టి వదిలేయాలి. పది నిమిషాల్లో నాకు నలభై ఒక్క ఆలోచనలు వచ్చాయి. లెక్కపెట్టడం నలభై రెండోది.

కొత్త నియమాలు. రోజూ ఉదయం పది నుంచి పదింబావు దాకా అందరం హాల్లో కూర్చోవాలి. తలుపు వేసేస్తారు. నిప్పంటుకుంటే తప్ప ఎవరూ తట్టకూడదు. సెషన్‌లో పెన్ను పట్టకూడదు, ప్రశ్నలు తగ్గించాలి. సెషన్ అయ్యాక క్లయింటు ఒక కాగితం నింపాలి. ఒకటే ప్రశ్న: 'ఈ రోజు మీ కౌన్సిలరు మనసు మీ దగ్గరే ఉందా? పదికి ఎన్ని మార్కులు?' జూలై నెలాఖరుకి సగటు ఏడు కన్నా తక్కువ వచ్చినవాళ్ళు ఫోన్ల గదికి వెళ్ళాలి. ఆ గదికి కిటికీ లేదు.

నా గదికి ఉంది. కింద బస్సు స్టాపు కనిపిస్తుంది.

శిక్షకుడికి 'శ్వాస సార్' అని పేరు పెట్టాం. పెట్టాం అంటే నేను పెట్టాను.

జూన్ 6, శుక్రవారం

పదకొండింటికి బస్సు డ్రైవరు. నాలుగో సెషన్. ఏప్రిల్‌లో అతని బస్సు కింద సైకిలు మనిషి పడి చనిపోయాడు. డ్రైవరు తప్పు లేదని పోలీసులు రాశారు. కంపెనీకి అది చాలలేదు. 'మళ్ళీ నడపడానికి తగినవాడు' అని కౌన్సిలరు సంతకం పెట్టిన కాగితం కావాలంది. జూన్ 30లోగా ఇవ్వకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరిది. సంతకం పెట్టాల్సింది నేను.

"నిద్ర పడుతోందా?"

"పడుతోంది మేడమ్."

"ఎన్ని గంటలు?"

"గడియారం చూసి పడుకోను."

"రాత్రి లేస్తారా?"

"మేడమ్, పోలీసులే నయం. వాళ్ళు ఒక్క రోజే అడిగారు."

పదికి నాలుగు వేశాడు. ఈ వారం నా సగటు నాలుగున్నర. ఎదురు గది ఆవిడకి తొమ్మిది పాయింట్ ఆరు. నవ్వినా పెదవులు కదలవు, అందుకే ఆవిణ్ణి నిశ్చలమ్మ అంటాను. "అయ్యో అక్కా, నాలుగున్నరా?" అని నా భుజం నిమిరింది. ఆ నిమరడంలో ఊపిరి లెక్కపెడుతోందని నాకు తెలిసిపోయింది.

జూన్ 8, ఆదివారం

ఇంట్లో సాధన. అత్తగారు తలుపు దగ్గర నిలబడి చూశారు.

"కళ్ళు మూసుకున్నందుకు మీ ఆఫీసులో జీతం ఇస్తారా?"

"అవును అత్తయ్యా."

"అయితే మీ మామయ్యకి రావాల్సిన పెన్షన్‌లో సగమే ఇచ్చారు. ముప్ఫై ఏళ్ళు ఇదే చేశాడు ఆఫీసులో."

చప్పుడు. వదిలేశాను.

జూన్ 10, మంగళవారం

డ్రైవరుకి ఇవాళ ఆరు ప్రశ్నలే. ఆరు మార్కులు.

జూన్ 13, శుక్రవారం

పదకొండుకి కింద బస్సు ఆగింది. ఆరుగురు దిగారు. వాళ్ళలో డ్రైవరు లేడు. నాలుగు నిమిషాల తర్వాత మెట్లెక్కి వచ్చాడు. బూట్ల మీద చీలమండల దాకా దుమ్ము. చొక్కా వీపుకి అతుక్కుపోయింది.

ఎలా వచ్చారు అని అడగబోయాను. శ్వాస సార్ చెప్పింది గుర్తొచ్చింది: ప్రశ్న అడగాలన్న తపన కూడా ఒక ఆలోచనే.

ఆలోచన. వదిలేశాను.

ఇద్దరం ఇరవై నిమిషాలు మాట్లాడకుండా కూర్చున్నాం. చివర్లో "ఈ రోజు హాయిగా ఉంది మేడమ్" అన్నాడు. ఎనిమిది.

శ్వాస సార్ మాటల్లో ఏదో ఉంది. ఒప్పుకోవడానికి నామోషీ ఎందుకు?

జూన్ 16, సోమవారం

తొమ్మిది, తొమ్మిది, ఎనిమిది, పది. ఇంట్లో కూడా బాగుంది. అత్తగారితో గొడవపడి వారం దాటింది. నేను ప్రశాంతంగా ఉంటే ఆవిడా ప్రశాంతంగా ఉన్నారు. శ్వాస సార్ చెప్పింది ఇదే కదా.

జూన్ 17, మంగళవారం

డ్రైవరుకి ఒక్క ప్రశ్నా లేదు. ఫ్యాను వైపు చూస్తూ కూర్చున్నాడు. తొమ్మిది.

జూన్ 20, శుక్రవారం

వాన. బూట్లలోంచి నీళ్ళు కారి నా గది చాప తడిసింది. రిసెప్షన్ అమ్మాయి తువ్వాలు తెచ్చి ఇచ్చింది. అతను వెళ్ళాక నా దగ్గరికొచ్చింది.

"మేడమ్, ఆయన ఎనిమిది కిలోమీటర్లు నడిచి వస్తాడట. రానూ పోనూ పదహారు. కంపెనీ పాస్ ఉంటుందిగా, బస్సెక్కొచ్చుగా అంటే నవ్వి ఊరుకున్నాడు."

"నడక ఒంటికి మంచిదేలే."

"ఇంత వానలోనా?"

ఆ అమ్మాయికి ప్రతిదాన్నీ తరచి చూసే అలవాటు. పది నిమిషాలు కూర్చోమని చెప్పాలి.

డ్రైవరు పదికి పది వేశాడు. మొదటిసారి.

జూన్ 24, మంగళవారం

నా సగటు ఎనిమిది పాయింట్ ఒకటి. డైరెక్టరుగారు అందరి ముందూ చప్పట్లు కొట్టించారు. జూలై 4న వేరే సెంటర్ల కౌన్సిలర్లు పన్నెండుమంది మమ్మల్ని చూడడానికి వస్తున్నారు. నేను ప్రసంగించాలి. విషయం: 'కౌన్సిలరులో ఎరుక, క్లయింటులో మార్పు.' ఉదాహరణగా పేరు చెప్పకుండా డ్రైవరు సంగతి చెప్పమన్నారు.

"మొండివాళ్ళు మారితేనే నలుగురికీ నమ్మకం" అన్నారు. డ్రైవరు గురించి అంటున్నారనుకున్నాను. నా గురించి.

నిశ్చలమ్మ నన్ను అభినందించింది. పెదవులు కదిలాయి.

జూన్ 27, శుక్రవారం

ఆఖరి సెషన్. కాగితం బల్ల మీద పెట్టాను.

నలభై నిమిషాలు గడిచాక తనే నోరు తెరిచాడు. "మేడమ్, ఆ సైకిలు మనిషి..."

ఆగాడు. నేనూ ఆగాను. తొందరపెట్టకూడదు. నా ఊపిరి నెమ్మదిగా ఉంది. నా అరికాళ్ళు నేలకు ఆని ఉన్న సంగతి నాకు స్పష్టంగా తెలుస్తోంది. ఇంత నిండుగా నేను ఏ సెషన్‌లోనూ లేను.

గోడ గడియారం గంట కొట్టింది.

"ఏం లేదు మేడమ్" అన్నాడు.

కాగితం ముందుకు లాక్కున్నాను. 'మళ్ళీ నడపడానికి తగినవాడు.' పెన్ను పట్టుకున్నాక చెయ్యి ఒక్క క్షణం ఆగింది. అతను నా చేతి వైపే చూస్తున్నాడు. నేను అతని బూట్ల వైపు చూశాను. బురద.

ఆలోచన. వదిలేశాను. సంతకం పెట్టాను.

పదికి పది. కింద రాశాడు: 'మేడమ్ చాలా మంచివారు. ఏమీ అడగరు.'

దీన్ని ప్రసంగంలో చదవాలి.

జూన్ 30, సోమవారం

కాగితం కంపెనీకి చేరిందట. శుక్రవారం నుంచి డ్యూటీ. మన కింద రోడ్డు మీద తిరిగే బస్సే ఇచ్చారని డ్రైవరు ఫోన్‌లో చెప్పాడట. "గొంతు ఎలాగో ఉంది మేడమ్" అంది రిసెప్షన్ అమ్మాయి.

సంతోషంలో గొంతు అలాగే ఉంటుంది.

జూలై 4, శుక్రవారం. ఉదయం 10.15

ప్రసంగానికి ముందు రెండు నిమిషాలు దొరికాయి. ఇది ఇప్పుడే రాయాలి.

నా జీవితంలో ఇంత బాగా ఎప్పుడూ కూర్చోలేదు. అతిథులతో కలిపి ఇరవై ఒక్కమందిమి. పదీ అయిదుకి కింద హారన్లు మొదలయ్యాయి. మొదట ఒకటి, తర్వాత పది, తర్వాత లెక్క లేదు. ఎవరో అరుస్తున్నారు. అతిథుల్లో ఒకాయన కదిలాడు.

శ్వాస సార్ మెల్లగా అన్నాడు: "హారన్‌ను హారన్‌గానే వినండి. దానికి కథ కట్టకండి."

నేను కట్టలేదు. చప్పుడు, చప్పుడు, చప్పుడు. పది నిమిషాల పాటు ఒక్క ఆలోచన కూడా లేదు. సున్నా.

తలుపు తీస్తున్నారు.

అదే రోజు, సాయంత్రం

వరసగా రాస్తాను.

తలుపు తీసేసరికి రిసెప్షన్‌లో డ్రైవరు కూర్చుని ఉన్నాడు. యూనిఫాంలో. రెండు చేతుల మధ్య బస్సు తాళం. కండక్టరు పక్కన నిలబడి బతిమాలుతున్నాడు: "అన్నా, తాళం ఇటివ్వు. నలభై రెండు మంది ఉన్నారన్నా బస్సులో. వెనక అంబులెన్స్ కూడా ఆగిపోయింది." డ్రైవరు ఇవ్వడం లేదు. వేళ్ళు తెరుచుకోవడం లేదు.

డిపోలో డ్రైవరు తలుపులోంచి ఎలాగో ఎక్కి ఇక్కడిదాకా నడిపాడట. పదీ అయిదుకి మా స్టాపులో బస్సు ఆపాడు. దిగాడు. పైకొచ్చాడు. రోడ్డు ఇరుకు. వెనక ఏదీ కదల్లేదు.

"నన్నెందుకు పిలవలేదు?" అని రిసెప్షన్ అమ్మాయిని అడిగాను.

"నిప్పంటుకుంటే తప్ప తట్టొద్దన్నారుగా మేడమ్. ఆగింది బస్సేగా."

ఆ పిల్ల ముఖంలో ఎగతాళి లేదు. నియమం పాటించింది, అంతే.

డ్రైవరు ముందు కింద కూర్చున్నాను. కుర్చీలు ఖాళీ లేవు, అతిథులు బయటికొచ్చి చూస్తున్నారు. తాళం అడగలేదు. అడగాల్సింది వేరే ఉంది. మూడు వారాల కిందట అడగాల్సింది.

"ఇన్నాళ్ళూ సెంటర్‌కి నడిచే వచ్చేవారా?"

"మీకు తెలుసుగా మేడమ్."

"నాకెలా తెలుసు?"

"వచ్చినప్పుడల్లా నా బూట్లు చూసేవారుగా."

ఎదురుగా అవే బూట్లు. ఈ మౌనం సాధన వల్ల వచ్చింది కాదు.

"బస్సెక్కలేకపోతున్నానని మీకు తెలిసిపోయిందనుకున్నా. మీరు చూశారు. ఊరుకున్నారు. సంతకం పెట్టేటప్పుడు కూడా చూశారు. చూసి పెట్టారు. ఇంత చదువుకున్నావిడ తెలిసే పెడుతోందంటే, నాకు తెలియకుండానే నాకు నయమైపోయిందేమో అనుకున్నా మేడమ్."

అప్పుడు వేళ్ళు తెరిచాడు. తాళం కండక్టరు తీసుకుని పరుగెత్తాడు. డిపో నుంచి వేరే డ్రైవరు వచ్చేసరికి పదకొండు. అంబులెన్స్ వెనక్కి వెళ్ళి వేరే దారిలో పోయింది. లోపల ఉన్న పేషెంటు కాలు విరిగినవాడు. బతికే ఉన్నాడు. మధ్యాహ్నం ఆసుపత్రికి ఫోన్ చేసి కనుక్కున్నాను. రెండుసార్లు చేశాను.

ప్రసంగం రద్దు కాలేదు. నా బదులు నిశ్చలమ్మ చేసింది. డ్రైవరు ఉదాహరణ తీసేసింది.

అతిథులు వెళ్తూ పుస్తకంలో రాసిన మాట: 'వీధిలో అంత గోల జరుగుతున్నా ఇక్కడి సిబ్బంది ఒక్కరూ కదల్లేదు. అద్భుతం.'

జూలై 5, శనివారం

డైరెక్టరుగారు పిలిచారు.

"ఎవరికీ ఏమీ కాలేదు కదమ్మా."

"కాలేదండీ."

"మరి? జరిగినదాన్ని తీర్పు చెప్పకుండా గమనించి వదిలేయండి."

"వదిలేశాను కాబట్టే జరిగిందండీ."

ఆయన బల్ల మీద గంట ఉంది. ఆయనకూ ఒకటి ఇచ్చారు కాబోలు. దాన్ని అటు ఇటు జరిపారు.

"కంపెనీకి ఏమీ రాయకండి. కాగితం మీద 'నా అభిప్రాయం ప్రకారం' అని ఉంది. అభిప్రాయం తప్పు కావొచ్చు. సెంటర్ పేరు పాడుచేసుకోవడం దేనికి?"

జూలై 6, ఆదివారం

అత్తగారు మెట్లు దిగుతూ గోడ పట్టుకున్నారు. మోకాలు వాచి ఉంది.

"ఎన్నాళ్ళ నుంచి అత్తయ్యా?"

"నెల కావస్తోంది."

"నాతో చెప్పరేం?"

"చెబుదామనే వచ్చేదాన్ని. నువ్వేమో నన్ను అద్దంలో బొమ్మని చూసినట్టు చూసేదానివి. ఇదివరకు గయ్యిమని లేచేదానివి. అప్పుడు నీకు చెప్పినా ఫలితం ఉండేది."

నెల రోజుల ప్రశాంతత. ఇదీ దాని సంగతి.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. దారి పొడుగునా గొడవపడ్డాం. ఆవిడ ముఖం తేటపడింది.

జూలై 7, సోమవారం

కంపెనీకి ఉత్తరం రాశాను. నకలు ఇక్కడ:

'జూన్ 27న నేను ఇచ్చిన కాగితం రద్దు చేస్తున్నాను. ఈ డ్రైవరు ప్రస్తుతం బస్సు నడపడానికి తగడు. ప్రయాణికుడిగా కూడా బస్సు ఎక్కలేడు. ఈ సంగతి ఆయన దాచలేదు, నేనే అడగలేదు. తప్పు నాది. నడపని పని ఏదైనా ఇచ్చి ఆయన ఉద్యోగం నిలపాలని, మూడు నెలల గడువు ఇవ్వాలని కోరుతున్నాను.'

మొదట 'గమనించలేదు' అని రాశాను. కొట్టేసి 'అడగలేదు' అని రాశాను. గమనించాను. ఈ పుస్తకం వెనక్కి తిప్పి చూస్తే మూడుసార్లు రాసి ఉంది.

జూలై 11, శుక్రవారం

పెన్ను బల్ల మీద పెట్టాను. రాసుకున్నాను కూడా. నిశ్చలమ్మ ఎదురు గది తలుపు అద్దంలోంచి చూసింది. చూడనీ.

డ్రైవరుకి డిపోలో పని ఇచ్చారు. వచ్చే బస్సులకీ పోయే బస్సులకీ టైము రాయడం. గడువు మూడు నెలలు. జీతం కొంచెం తక్కువ. నా ఉత్తరం చూపించారట.

"నా కొంప ముంచారు మేడమ్" అన్నాడు.

"అవును."

"మొదటే ముంచాల్సింది."

"అవును."

"అవునంటే సరిపోతుందా?"

సరిపోదు. కిందికి తీసుకెళ్ళాను. మిగిలిన సెషనంతా స్టాపులో నిలబడ్డాం. ఏడు బస్సులు వచ్చి వెళ్ళాయి. ప్రతి బస్సుకీ అడిగాను: ఇప్పుడేమవుతోంది? చేతులా? కడుపా? ఏం కనిపిస్తోంది?

మూడు మార్కులు.

జూలై 18, శుక్రవారం

స్టాపు. తొమ్మిది బస్సులు. కమ్మీ పట్టుకున్నాడు, వదిలేశాడు. మూడు.

మిగతా క్లయింట్లు అయిదు, ఆరు, నాలుగు. టీచరుగా పనిచేసే ఒకావిడ "మీరు మళ్ళీ మొదలుపెట్టారా!" అని విసుక్కుంటూనే తొమ్మిది నెలలుగా చెప్పని మాట ఇవాళ చెప్పింది. అయిదు వేసింది.

జూలై 25, శుక్రవారం

నా సగటు సరిగ్గా ఏడు. లెక్కల గుమాస్తా గుసగుసగా చెప్పాడు: "మేడమ్, నెలాఖరు దాకా కొంచెం నోరు కట్టేసుకోండి. కిటికీ దక్కుతుంది."

జూలై 29, మంగళవారం

పదకొండూ ఇరవైకి అయిదో బస్సు. నేను ముందెక్కి వెనక్కి తిరిగాను. అతను కింది మెట్టు వైపు చూస్తున్నాడు.

"మెట్టు మీద ఏముంది?"

"ఏం లేదు."

"ఏముంది?"

"మేడమ్, మీ నోరు నొప్పెట్టదా?"

"పెడుతుంది. ఏముంది?"

కండక్టరు విజిల్ నోట్లో పెట్టుకుని ఊదకుండా ఆగాడు. ఆ రోజు బతిమాలిన కండక్టరే.

"చెప్పు" అన్నాడు డ్రైవరు. "సైకిలు మనిషిది. మనిషిని తీసుకెళ్ళారు. చెప్పు రోడ్డు మీదే ఉండిపోయింది. ఎవరూ తీయలేదు. నేనే తీసి బస్సు మెట్టు మీద పెట్టా. ఎవరో ఒకరు అడుగుతారులే, ఇద్దామని. ఎవరూ అడగలేదు మేడమ్."

జూన్ 27న చెప్పబోయింది ఇదే. అప్పుడు నేను నా అరికాళ్ళు గమనిస్తున్నాను.

"ఏ కాలిది?"

"ఎడమ కాలిది. మడమ దగ్గర కుట్టు వేయించుకున్నాడు."

ఏడవలేదు. కింది మెట్టు మీద కుడివైపున కాలు పెట్టాడు, ఎడమవైపు చోటు వదిలి. ఎక్కాడు. ఒక్క స్టాపు వెళ్ళాం. దిగి నడిచి వెనక్కొచ్చాం. చెమటకి అతని చొక్కా తడిసిపోయింది, నా జాకెట్టూ తడిసిపోయింది.

కాగితం నింపి నాకే ఇచ్చాడు. చదివాను. మార్కుల పెట్టెలో వేస్తే సగటు ఆరు పాయింట్ తొమ్మిది ఆరు. గుమాస్తా దగ్గర కనుక్కున్నాను. దాన్ని ఏడని రాయడం కుదరదన్నాడు. పెట్టె నా గది బయటే ఉంది. చించి బుట్టలో వేసినా అడిగేవాళ్ళు లేరు.

వేశాను, పెట్టెలోనే. వేసేముందు ఇక్కడ రాసుకున్నాను:

'పదికి రెండు. ఈవిడ మనసు నా దగ్గర లేదు. గంటసేపూ నా బూట్ల మీదే ఉంది. శుక్రవారం మళ్ళీ వస్తాను.'